ఆరు నెలలు వాడి చూశా: సీటీ డోసు లెక్కగట్టే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్

“14.37 మిల్లీగ్రే, తేడా 0.4 శాతం.”

తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో అంత ధీమాగా కనిపించేసరికి, ఫోన్‌లో ఉన్న డాక్టర్‌గారికి ఆ అంకెనే చదివి వినిపించబోయాను. మిల్లీగ్రే అంటే ఒంటికి పడిన రేడియేషన్ డోసుకి కొలమానం. ఆవిడ ప్రసూతి వైద్యురాలు. ఆవిడ దగ్గరికి వచ్చిన ఒకమ్మాయికి రెండు వారాల కిందట మా దగ్గర పొట్ట, కటి భాగం కలిపి సీటీ తీశాం. అప్పటికే గర్భం ఉందన్న సంగతి ఆ అమ్మాయికీ తెలీదు, మాకూ తెలీదు. “బిడ్డకి ఎంత డోసు పడిందో చెప్పండి మేడమ్. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకటే టెన్షన్ పడుతున్నారు, తీయించేసుకుంటామంటున్నారు” అని డాక్టర్‌గారు అడుగుతున్నారు.

నోటి దాకా వచ్చిన అంకెను మింగేసి, పది నిమిషాలు టైమ్ ఇవ్వమన్నాను. ఎందుకంటే ఆ 14.37 ఆ అమ్మాయిది కాదు. సాఫ్ట్‌వేర్ లోపల కాపురముండే ఒక నమూనా స్త్రీది. ఆ నమూనా ఎత్తు 163 సెంటీమీటర్లు, బరువు 60 కిలోలు. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్, అదే ఐసీఆర్‌పీ, 2009లో తన 110వ ప్రచురణలో ఇచ్చిన ప్రామాణిక శరీరం అది. స్కాన్ బొమ్మల్లో కనిపిస్తున్న అమ్మాయేమో బాగా సన్నం. ఒంట్లో అడ్డుపడే కండ తక్కువైతే అదే స్కాన్‌కి లోపలి అవయవాలకు పడే డోసు పెరుగుతుంది.

కాగితం తీసుకున్నాను. మెషిన్ చూపించిన సీటీడీఐ 11 మిల్లీగ్రే. అది 32 సెంటీమీటర్ల ప్లాస్టిక్ దిమ్మెకు పడే డోసు. కటి దగ్గర ఆ అమ్మాయి ఒళ్ళు 24 సెంటీమీటర్ల వ్యాసమున్న నీటి స్తంభంతో సమానం. అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం ఏఏపీఎం 2011లో ఇచ్చిన పట్టిక ప్రకారం ఆ సైజుకి గుణకం ఒకటిన్నర పైచిలుకు. అంటే 17 దగ్గర. అంత తొలి రోజుల్లో గర్భాశయానికి పడిన డోసునే పిండానికి పడినట్టు తీసుకుంటాం. మళ్ళీ ఫోన్ చేసి, “15కీ 20కీ మధ్య అనుకోండి డాక్టర్‌గారూ. 100 మిల్లీగ్రేల లోపు డోసు గర్భం తీయించుకోవడానికి కారణం కాకూడదని ఐసీఆర్‌పీ 84వ ప్రచురణలో స్పష్టంగా ఉంది. ఆ గీతకి మనం చాలా కింద ఉన్నాం” అని చెప్పాను. అంతే, అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

14 అయినా 17 అయినా ఆ అమ్మాయి విషయంలో నిర్ణయం మారేది కాదు. నా గొడవ అది కాదు. 15 శాతం పైగా తేడా ఉన్న అంకె పక్కన “తేడా 0.4 శాతం” అని రాసి ఉందే, దాని గురించి ఈ రివ్యూ.

సాఫ్ట్‌వేర్ పేరు రాయను. తప్పుల చిట్టా పొడుగ్గానే ఉంది, సగం వాళ్ళు దిద్దారు, సగం దిద్దుతామన్నారు. పైగా ఈ జాతి సాఫ్ట్‌వేర్లు నాలుగైదు చూశాను, అన్నిటికీ దాదాపు ఇవే జబ్బులు. నేను మెడికల్ ఫిజిసిస్ట్‌ని. స్కానర్లు సరిగ్గా పనిచేస్తున్నాయా, ఎవరికి ఎంత డోసు పడుతోంది అని చూడటం నా ఉద్యోగం. ఆరు నెలల ట్రయల్‌కి తీసుకున్నాం. మొదటి రోజు డెమోలో సేల్స్ అబ్బాయి అరచేతిలో వైకుంఠం చూపించాడు. ఏ రోగికైనా, ఏ అవయవానికైనా, రెండు నిమిషాల్లో డోసు వచ్చేస్తుందన్నాడు. రెండు నిమిషాల మాట నిజమే.

ఆ స్పీడుని తక్కువ చేసి మాట్లాడను. నేను చదువుకునే రోజుల్లో ఒక్క ఛాతీ స్కాన్‌కి మోంటే కార్లో, అంటే పాచికలేసినట్టు కిరణాల దారిని లెక్కగట్టే సిమ్యులేషన్, నడపాలంటే సాయంత్రం మొదలుపెట్టి పొద్దున్నే వచ్చి చూసుకునేవాళ్ళం. ఇన్‌పుట్ ఫైల్లో ఒక చుక్క తప్పు పడితే ఆ రాత్రంతా దండగ. ఇప్పుడు వీడియో గేముల కోసం పుట్టిన గ్రాఫిక్స్ కార్డు మీద అదే పని జరుగుతోంది. ఎక్స్‌రే ఫోటాన్లను, అంటే కిరణాల్లోని రేణువుల్ని, ఇలా కార్డు మీద పరిగెత్తించొచ్చని 2009 నాటికే చేసి చూపించారు. ఒక ఫోటాన్‌కి ఇంకో ఫోటాన్‌తో పనిలేదు కాబట్టి వేల ఫోటాన్లను ఒకేసారి వదలొచ్చు.

తెలియనివాళ్ళ కోసం లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్తాను. ట్యూబులోంచి ఒక ఫోటాన్ బయల్దేరుతుంది. దాని శక్తి ఎంతో పాచిక వేసి తేలుస్తారు, 120 కిలోవోల్టుల స్పెక్ట్రమ్‌లో ఏ శక్తి ఎంత తరచుగా వస్తుందో ఆ నిష్పత్తిలో. కిరణాల్ని మలిచే బో-టై ఫిల్టర్ అనే అడ్డుని దాటుతుంది. ఒంట్లోకి దిగాక ఎంత దూరం పోయి గుద్దుకుంటుందో ఇంకో పాచిక. గుద్దుకున్నాక ఏం జరగాలో మరొకటి. మొత్తం శక్తి ఇచ్చేసి మాయమైపోవచ్చు, కొంత ఇచ్చి పక్కకి మళ్ళొచ్చు, ఏమీ ఇవ్వకుండా వంగిపోవచ్చు. మెత్తటి కండలో ఈ శక్తుల దగ్గర ఎక్కువగా జరిగేది రెండోది, కాంప్టన్ చెదరడం. ఎక్కడ ఎంత శక్తి వదిలిందో ఆ అవయవం ఖాతాలో రాసుకుంటారు. విసిరేసిన ఎలక్ట్రాన్ మిల్లీమీటరులో చిన్న భాగం కూడా పోదు కాబట్టి దాని వెంట పడక్కర్లేదు, అక్కడికక్కడే జమ. ఇలా పది కోట్ల సార్లు.

ఈ పాచికల పద్ధతి పేరు కూడా అలాంటిదే. 1946లో స్టానిస్లా ఉలామ్ అనే గణితవేత్త జబ్బు నుంచి కోలుకుంటూ పేకముక్కలతో ఒంటరి ఆట ఆడుకుంటుంటే, గెలిచే అవకాశం ఎంతో సూత్రం కట్టేకంటే వంద ఆటలు ఆడి లెక్కపెట్టుకోవడమే తేలిక కదా అనిపించిందట. వాళ్ళ మామయ్య చేబదుళ్ళు తీసుకుని జూదానికి పోయే మోంటే కార్లో అనే ఊరి పేరు ఈ పద్ధతికి పెట్టారు. ఆ 0.4 శాతం ఆ పాచికల గురించి మాత్రమే చెప్తుంది. మళ్ళీ మొదట్నుంచి వేస్తే అంకె ఎంత అటూ ఇటూ ఊగుతుందన్నది ఒక్కటే అందులో ఉంది. నాలుగు రెట్లు ఫోటాన్లు వదిలితే అది 0.2 అవుతుంది, పదహారు రెట్లు వదిలితే 0.1. స్కానర్ వివరాలు తప్పిచ్చినా, మనిషి కొలతలు తప్పిచ్చినా ఈ అంకె ఇలాగే తగ్గుతూ పోతుంది. తప్పు మనిషికి కట్టిన లెక్కకి కూడా నాలుగు దశాంశాల దాకా నిలకడ వస్తుంది.

ఇంజిన్ వరకు చూస్తే మాత్రం శభాష్ అనాల్సిందే. ఏఏపీఎం టాస్క్ గ్రూప్ 195 అని ఒకటుంది. 2015లో వాళ్ళు కొన్ని రెడీమేడ్ సమస్యలు ప్రచురించారు, సీటీవి కూడా ఉన్నాయి. జ్యామితి, స్పెక్ట్రమ్, పదార్థాలు అన్నీ వాళ్ళే ఇస్తారు. ఈజీఎస్‌ఎన్‌ఆర్‌సీ, జియాంట్4, ఎంసీఎన్‌పీఎక్స్, పెనెలోప్ అనే నాలుగు ప్రసిద్ధ కోడ్లు ఇచ్చిన జవాబులు పక్కపక్కనే పెట్టారు. మన కోడు అక్కడికి దగ్గరగా వస్తే భౌతికశాస్త్రం సరిగ్గా ఉన్నట్టు. కంపెనీ వాళ్ళు తమ ఫలితాలు అడగ్గానే పంపారు. నమ్మకం లేక నేను కూడా ఒక సీటీ సమస్య నడిపి చూశాను. ఒక శాతం లోపలే వచ్చింది. గుద్దుకోవడాలూ చెదరడాలూ అన్నీ ఒప్పే.

మరి తప్పులెక్కడున్నాయి? మా స్కానర్‌తో పోల్చడం మొదలుపెట్టాక తెలిసింది.

మొదటి పరీక్ష అందరూ చేసేదే. 32 సెంటీమీటర్ల గుండ్రటి అక్రిలిక్ ఫాంటమ్, అంటే రోగికి బదులు వాడే దిమ్మె, టేబుల్ మీద పెట్టి, మధ్య రంధ్రంలోనూ గడియారంలో 12, 3, 6, 9 అంకెలుండే చోట్ల ఉన్న రంధ్రాల్లోనూ డోసు కొలిచే 100 మిల్లీమీటర్ల పెన్సిల్ ఛాంబర్ మార్చి మార్చి కొలిచాను. మధ్యలో 9.2. పైన 17.9, పక్కల 17.2, 17.3, కింద 16.1. మధ్యదానికి మూడో వంతు, అంచుల సగటుకి మూడింట రెండొంతులు బరువిస్తే 14.5 మిల్లీగ్రే. స్కానర్ తెర 13.6 అంది. 20 శాతం దాకా తేడాని ప్రమాణాలు ఒప్పుకుంటాయి కాబట్టి దాని మీద ఫిర్యాదు లేదు. సాఫ్ట్‌వేర్ 14.9 అంది. నా కొలతకి మూడు శాతం దూరం. సేల్స్ అబ్బాయి అక్కడే ఉంటే చప్పట్లు కొట్టేవాడు.

ఆ సగటు వెనకున్న ఐదు అంకెలు విడివిడిగా చూపించమని అడిగితే అసలు కథ బయటపడింది. 12, 3, 6, 9 నాలుగు చోట్లా 17.6, 17.5, 17.6, 17.6. ఇదెలా కుదురుతుంది? కింద ఎప్పుడూ తగ్గాలి, ఎందుకంటే ఆ వైపు నుంచి వచ్చే కిరణాలు టేబుల్ దాటుకుని రావాలి. మా టెక్నాలజిస్ట్ అబ్బాయి నా భుజం మీంచి తొంగి చూసి, “వీళ్ళ రోగి గాల్లో పడుకున్నాడు మేడమ్” అన్నాడు. నిజమే, సిమ్యులేషన్‌లో టేబులే లేదు. వెన్నెముక వైపు అవయవాలన్నిటికీ డోసు ఎక్కువ చెప్తోందన్నమాట. ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ కలిసిపోయి సగటు మూడు శాతం దగ్గర బుద్ధిగా కూర్చుంది.

తీగ లాగితే డొంకంతా కదిలింది. మధ్య రంధ్రంలో 9.6 ఇస్తోంది, నాకొచ్చింది 9.2. లోతుకి ఎక్కువ కిరణాలు చేరుతున్నాయంటే వాళ్ళ స్పెక్ట్రమ్ మా దానికంటే గట్టిది. ఏ స్కానర్ వివరాలు వాడారని రాసి అడిగితే వారం తర్వాత జవాబు: మా మోడల్ డేటా వాళ్ళ దగ్గర లేదట, దాని అన్నయ్యలాంటి పాత మోడల్‌ డేటాని ఎంచి పెట్టారట. నాతో ఒక్క మాట చెప్పలేదు. జాబితాలో మా మోడల్ పేరే ఉంది, దాని వెనక పాతదాని డేటా ఉంది.

వాళ్ళనే పూర్తిగా అనలేం కూడా. బో-టై ఫిల్టర్ ఆకారం, లోపలి ఫిల్టర్ల మందం స్కానర్ తయారీదారుల వ్యాపార రహస్యం. అడిగితే ఇవ్వరు, ఇచ్చినా సంతకాలూ షరతులూ. ఈ ఫిల్టర్ చిన్నదే గానీ దాని ప్రభావం పెద్దది. మధ్యలో పలచగా, అంచుల్లో మందంగా ఉండి, సన్నగా ఉండే ఒంటి అంచుల మీద అనవసరంగా కిరణాలు పడకుండా చూస్తుంది. దాని ఆకారం తప్పితే రొమ్ము, చర్మంలాంటి పైపై అవయవాల లెక్క మొత్తం తప్పుతుంది.

రహస్యం చెప్పకపోయినా కొలుచుకోవచ్చు. 2009లోనే ఒక పద్ధతి ప్రచురించారు. అల్యూమినియం రేకులు ఒక్కొక్కటే అడ్డం పెడుతూ, తీవ్రత సగానికి పడిపోయే మందం కనుక్కోవాలి. తర్వాత ఛాంబర్‌ని మధ్య నుంచి అంచుకి జరుపుతూ ఫిల్టర్ ఎంత ఆపుతోందో చూడాలి. ఈ రెండిటికీ సరిపోయే స్పెక్ట్రమ్, ఫిల్టర్ మనమే తయారు చేసుకోవచ్చు. చెప్పినంత సులువేం కాదు. ట్యూబ్ తిరగకుండా ఒకచోట ఆపాలంటే సర్వీస్ మోడ్ కావాలి, దానికి సర్వీస్ ఇంజినీర్ రావాలి, ఆయన వచ్చే రోజుకి రోగులు లేకుండా చూసుకోవాలి. ఒక ఆదివారం ముగ్గురం కూర్చుని ఆ పని చేశాం. రేకులు టేపుతో అంటించడం, గది బయటికి పరిగెత్తడం, ఎక్స్‌పోజర్ ఇవ్వడం, లోపలికి పరిగెత్తి ఇంకో రేకు. మా స్కానర్‌లో సగం చేసే మందం 7.5 మిల్లీమీటర్లు వచ్చింది. సాఫ్ట్‌వేర్ వాడుతున్నది 8.1.

ఈ అంకెలు వాళ్ళకి పంపితే, వాడుకరి కొలతలు లోపలికి ఎక్కించే సదుపాయం “త్వరలో” వస్తుందన్నారు. ఆ త్వరలో రెండు నెలలు. కానీ వచ్చింది, పనిచేసింది. టేబుల్ కూడా చేర్చారు. ఇప్పుడు మధ్యలో 9.3, కింద 16.4. ఇంకేం కావాలి.

ఇక్కడ ఇంకో ముడి ఉంది, చాలామంది మర్చిపోయేది. సిమ్యులేషన్‌కి మిల్లీగ్రేలు తెలీవు. ట్యూబులోంచి బయల్దేరిన ఒక్కో ఫోటాన్‌కి ఇంత డోసు అని మాత్రమే చెప్తుంది. దాన్ని మన స్కానర్ మిల్లీయాంపియర్ సెకన్లకి, అంటే ట్యూబులో పారిన కరెంట్ లెక్కకి, ముడివేయాలంటే, స్కానర్ మధ్యలో గాల్లో ఒకసారి కొలిచిన విలువ కావాలి. ఆ ఒక్క కొలతలో ఐదు శాతం తప్పుంటే కాలేయం నుంచి కంటి కటకం దాకా అన్నిటిలోనూ ఐదు శాతం తప్పు. కార్డు మీద పది కోట్ల ఫోటాన్లు పరిగెత్తినా, చివరికి నా చేతిలోని ఛాంబర్ ఎంత సరిగ్గా ఉందన్నదాని మీదే అంతా వేలాడుతుంది. ఈ విలువ మార్చుకునే గడి సాఫ్ట్‌వేర్‌లో మూడో మెనూ అడుగున దాక్కుని ఉంది. మొదటి పేజీలో, ఎర్ర గీత కింద ఉండాల్సింది.

రెండో పరీక్ష ఛాతీ స్కాన్. ఇదే నన్ను బాగా భయపెట్టింది. మనిషి ఆకారంలో ఉండే ఫాంటమ్ ఒకటుంది మా దగ్గర. రెండున్నర సెంటీమీటర్ల మందం బిళ్ళలుగా కోసి ఉంటుంది, ప్రతి బిళ్ళలో చిన్న చిన్న రంధ్రాలు. వాటిలో టీఎల్‌డీ చిప్పులు, అంటే పడిన డోసుని దాచుకుని తర్వాత చూపించే చిన్న పలుకులు, పెట్టాలి. పట్టకారుతో, ఊపిరి బిగపట్టి, ఏ నంబరు చిప్పు ఏ రంధ్రంలోకి పోయిందో రాసుకుంటూ. రెండు సాయంత్రాలు పట్టింది. ఒక చిప్పు కింద పడి ఇప్పటికీ దొరకలేదు. ఈ చిప్పులూ దేవుళ్ళేం కాదు. తక్కువ శక్తి ఎక్స్‌రేలకి ఎక్కువ స్పందిస్తాయి, అందుకని సీటీ కిరణాలతోనే ముందు సరిచూసుకున్నాను. ఇంత చేసినా ఒక్కో చిప్పు రీడింగ్‌ని ఆరేడు శాతానికి మించి నమ్మను.

ఊపిరితిత్తులకు కొలత 10.2, సాఫ్ట్‌వేర్ 11.5. ఫర్వాలేదు. థైరాయిడ్‌కి కొలత 9.1, సాఫ్ట్‌వేర్ 4.2. సగానికి సగం లేదు! తేడా 0.6 శాతం అని పక్కన ఆకుపచ్చ అక్షరాలు మాత్రం యథాప్రకారం.

వారం రోజులు దాని వెంట పడ్డాను. మొదటి దోషి ట్యూబ్ కరెంట్. ఇప్పటి స్కానర్లు ఒంటి మందాన్ని బట్టి కరెంట్‌ని క్షణక్షణం మార్చుకుంటాయి. భుజాల దగ్గర ఎముకలెక్కువ, అక్కడ పెంచుతాయి. ఊపిరితిత్తుల దగ్గర గాలి ఎక్కువ, అక్కడ తగ్గిస్తాయి. ఈ మార్పులు లెక్కలోకి తీసుకుంటామని బ్రోచర్‌లో తాటికాయంత అక్షరాలతో రాశారు. కానీ సాఫ్ట్‌వేర్ చదువుతున్నది స్కానర్ పంపే డోసు రిపోర్టుని. అందులో ఉండేది మొత్తం స్కాన్‌కి సగటు కరెంట్. భుజాల పక్కనే ఉన్న థైరాయిడ్‌కి ఛాతీ సగటు అంటగడితే ఇంకేమవుతుంది? కరెంట్ విలువ ఒక్కో బొమ్మతో పాటు ఫైల్లో ఉంటుంది. రిపోర్టుకి బదులు బొమ్మలన్నీ ఎక్కించి, సెట్టింగుల్లో ఒక టిక్కు పెట్టగానే థైరాయిడ్ 4.2 నుంచి 6.3కి లేచింది. ఊపిరితిత్తులు 11.5 నుంచి 10.4కి దిగాయి. ఆ టిక్కు పెట్టాలని మాన్యువల్‌లో ఎక్కడా లేదు.

రెండోది, స్కాన్ పొడవు. స్పైరల్ స్కాన్‌లో మొదటి బొమ్మ తయారు కావాలంటే దానికి ముందు నుంచే కిరణాలు పడాలి, చివరి బొమ్మ తర్వాత కూడా కాస్త. బొమ్మల్లో కనిపించే పొడవు కంటే కిరణాలు పడే పొడవు రెండు వైపులా ఎక్కువ. కొత్త స్కానర్లు ఆ అదనాన్ని కొంత షట్టర్లతో కప్పేస్తాయి, మొత్తం కాదు. సాఫ్ట్‌వేర్ బొమ్మల పొడవుతోనే సరిపెట్టుకుంది. ఆ అదనం చేత్తో ఎక్కిస్తే 7.6.

మిగిలింది శరీరం. ఐసీఆర్‌పీ నమూనా పురుషుడి మెడ, మా ఫాంటమ్ మెడ ఒకటి కాదు. పైగా ఆ నమూనా 8 మిల్లీమీటర్ల మందం పొరలతో కట్టింది. స్కాన్ అంచు సరిగ్గా థైరాయిడ్ మీదుగానో పక్కనుంచో పోతున్నప్పుడు ఒకటి రెండు పొరలు లోపలికొచ్చాయా బయటికి పోయాయా అన్నదే అంకెని తేల్చేస్తుంది. అంచు దగ్గర డోసు కొండ చరియలా పడిపోతుంది. మా ఫాంటమ్ సొంత స్కాన్‌నే శరీరంగా వాడితే 8.4 వచ్చింది. 9.1కి ఎనిమిది శాతం దూరం. నా చిప్పుల సంగతి తెలిసినదాన్ని కాబట్టి అక్కడితో ఆగాను.

ఇంతా చేసి మళ్ళీ మళ్ళీ స్కాన్ చేస్తే థైరాయిడ్ దగ్గర చిప్పులు ప్రతిసారీ ఒకే మాట చెప్పవు. బటన్ నొక్కిన క్షణాన ట్యూబ్ ముందు వైపుందా వెనక వైపుందా అన్నదాన్ని బట్టి మెడ ముందు భాగానికి పడేది మారుతుంది. అది టెక్నాలజిస్ట్ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు. నిజమే అటూ ఇటూ ఊగుతుంటే సిమ్యులేషన్ ఒక్క అంకె మీద నిలబడటం ఏమిటి?

రోగి సొంత స్కాన్‌ని శరీరంగా వాడే ఈ పద్ధతే ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా నచ్చింది. ఒళ్ళు పెద్దగా ఉన్నవాళ్ళకి, బాగా సన్నగా ఉన్నవాళ్ళకి ఇదే దిక్కు. మొదట్లో చెప్పిన అమ్మాయి స్కాన్‌ని తర్వాత ఇందులో నడిపితే గర్భాశయానికి 16.2 వచ్చింది. కాకపోతే దీన్నీ కళ్ళు మూసుకుని వాడకూడదు. స్కాన్‌లో పడిన శరీరమే దానికి తెలుసు. ఛాతీ స్కాన్ ఇస్తే ఆ మనిషికి పొట్టా లేదు, తలా లేదు. అక్కడి నుంచి చెదిరి వెనక్కొచ్చే ఫోటాన్లూ లేవు. ఇంకో తమాషా కూడా చూశాను. కాంట్రాస్ట్ అనే అయోడిన్ మందు ఎక్కించి తీసిన స్కాన్ ఒకటి ఇస్తే, సాఫ్ట్‌వేర్ గీసిన రంగుల బొమ్మలో గుండె పక్కన దుడ్డుకర్రలాంటి ఎముక ఒకటి కనిపించింది. అది బృహద్ధమని! అయోడిన్ వల్ల తెల్లగా మెరుస్తోంది కాబట్టి తెల్లగా ఉన్నదల్లా ఎముకే అని రాసేసుకుంది. అప్పట్నుంచి రంగుల బొమ్మ చూడకుండా అంకె చూడటం మానేశాను.

ఎఫెక్టివ్ డోసు గురించి క్లుప్తంగా. ఒక్కో అవయవం డోసుకి దాని సున్నితత్వాన్ని బట్టి గుణకం ఇచ్చి కూడితే వచ్చే ఒక్క అంకె అది, మిల్లీసీవర్టుల్లో చెప్తారు. రిపోర్టు మొదటి పేజీలో రోగి పేరు, కింద పెద్ద అక్షరాల్లో మిల్లీసీవర్టులు. ఎఫెక్టివ్ డోసు ఒక మనిషి రిస్కు చెప్పేందుకు పుట్టింది కాదు, స్కాన్‌నీ స్కాన్‌నీ పోల్చుకోవడానికి పనికొచ్చేది. దాన్ని పేరు పక్కన వేయడం నాకు నచ్చదు. ఇంకా ఘోరం, నాలుగో నెలలో అప్‌డేట్ వచ్చాక ఛాతీ స్కాన్లన్నిటికీ ఈ అంకె హఠాత్తుగా తగ్గింది, కటి స్కాన్లకి పెరిగింది. చూస్తే అప్‌డేట్ సెట్టింగుల్ని 1990 నాటి అవయవాల గుణకాలకి తిప్పేసింది. వాటిలో రొమ్ముకి 0.05, బీజకోశాలకి 0.20. 2007లో అవి 0.12, 0.08 అయ్యాయి. రోగులూ స్కాన్లూ ఏం మారలేదు, మెనూలో ఒక గడి మారిందంతే. ఫోన్ చేస్తే క్షమాపణ చెప్పి మర్నాడే దిద్దారు. సపోర్ట్ వాళ్ళ మర్యాదకి వంక పెట్టలేను, ఫోన్ ఎత్తే అమ్మాయికి ఫిజిక్స్ కూడా బాగా వచ్చు.

ఎవరు కొనొచ్చంటే, దగ్గర ఛాంబర్, ఫాంటమ్, వాటితో కుస్తీ పట్టే ఓపిక ఉన్న మనిషి ఉన్నవాళ్ళు కొనొచ్చు. పెద్దవాళ్ళ స్కాన్లలో, పూర్తిగా కిరణాల లోపల ఉన్న అవయవాలకి, సెట్టింగులన్నీ సరిచేశాక పది శాతం అటూ ఇటూగా నమ్ముతున్నాను. అంచున ఉన్న అవయవాలకి దాని మాట ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను. డబ్బా విప్పి పెట్టేసి రిపోర్టులు ప్రింటు తీసుకుందామనుకునేవాళ్ళకి మాత్రం సీటీడీఐ, సైజు గుణకాల పట్టిక, ఒక కాగితం చాలు. ఆ కాగితం కనీసం రెండో దశాంశం దాకా పోయి మోసం చేయదు. ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ ఆకుపచ్చ అక్షరాలు తీసేస్తే నాలుగు.

మా తెర అంచున ఒక చీటీ అంటించాను, “చివరి రెండు అంకెలు చదవొద్దు” అని. టెక్నాలజిస్ట్ అబ్బాయి దాని కింద పెన్సిల్‌తో “ముందు టిక్కు పెట్టావా?” అని చేర్చాడు. అది నా చీటీ కంటే ఎక్కువ పనికొస్తోంది.

ట్రయల్ అయిపోయాక ఏడాదికి తీసుకున్నాం. పిల్లల స్కాన్లకి మాత్రం ఇంకా వాడటం లేదు. చిన్నపిల్లల ఫాంటమ్ ఒకటి అరువు అడిగాం, వచ్చే నెల పంపుతామన్నారు. చిప్పులు కొత్తగా సరిచూసి పెట్టుకున్నాను, ఒకటి తక్కువ.